జిఫ్ బొమ్మలు పీఎన్‌జీలుగా ఎందుకు మారాయి?

మొన్న ఒక పాత సీడీ తెరిస్తే 1990ల చివరి నాటి వెబ్‌సైటు బొమ్మలు బయటపడ్డాయి. బటన్లు, లోగోలు, అడ్డగీతలు. ప్రతి బొమ్మా రెండేసి ఉంది: ఒకటి జిఫ్ (.gif) ఫైలు, ఇంకొకటి పీఎన్‌జీ (.png) ఫైలు. ఎంత దగ్గరగా చూసినా తేడా లేదు. మరి పనిగట్టుకుని మార్చడం దేనికి? ఆ రోజుల్లో చాలామంది ఈ పని చేసింది బొమ్మ బాగుపడుతుందని కాదు, లైసెన్సు టెన్షన్‌తో.

జిఫ్‌ను 1987లో తెచ్చింది కంప్యూసర్వ్ అనే అమెరికా కంపెనీ. మోడెములు నత్తనడక నడిచే కాలం, బొమ్మను వీలైనంత కుదించి పంపాలి. అందుకు ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే పద్ధతిని వాడుకున్నారు. బొమ్మలో మళ్లీ మళ్లీ వచ్చే రంగు చుక్కల (పిక్సెళ్ల) వరసకు ఒక నంబరు ఇచ్చేసి, తర్వాత వరసకు బదులు ఆ నంబరే రాసుకుంటూ పోవడం దాని కిటుకు. లెంపెల్, జివ్ అనే ఇద్దరి ఆలోచనకు మెరుగులు దిద్ది, టెర్రీ వెల్చ్ 1984లో ఒక పత్రికలో దాన్ని వివరించాడు. అచ్చులో వచ్చింది కదా, అందరూ వాడుకోవచ్చు అనుకున్నారు. కానీ వెల్చ్ పనిచేసిన స్పెర్రీ కంపెనీ అంతకు ముందే పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. 1985లో పేటెంటు చేతికొచ్చింది. మరుసటి ఏడు స్పెర్రీ, బరోస్ కలిసి యూనిసిస్ అయ్యాయి. పేటెంటు యూనిసిస్‌కు దక్కింది.

1994 డిసెంబరు చివర్లో, జనం సెలవుల్లో ఉండగా, పిడుగులాంటి ప్రకటన వచ్చింది: జిఫ్ వాడే సాఫ్ట్‌వేర్ అమ్ముకునేవాళ్లు ఇకపై డబ్బు కట్టాలి. ప్రోగ్రామర్లు భగ్గుమన్నారు. వారం గడవగానే, 1995 జనవరి 4న, థామస్ బౌటెల్ అనే ప్రోగ్రామర్ కొత్త ఫార్మాట్‌కు చిత్తుప్రతి రాసి అందరి ముందూ పెట్టాడు. అదే పీఎన్‌జీ అయింది. పేటెంటు బెడద లేని కుదింపు పద్ధతి తీసుకున్నారు. 1996 అక్టోబరు 1న వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ఆమోదముద్ర వేసింది.

మార్పిడి కూడా తేలికే. జిఫ్‌లో ఒక బొమ్మకు 256 రంగులకు మించి పట్టవు. ఆ రంగుల పట్టికను పీఎన్‌జీ ఉన్నదున్నట్టు తీసుకోగలదు, కాబట్టి ఒక్క చుక్క కూడా చెడదు. అదే జిఫ్‌ను, ఫొటోలకు వాడే జేపెగ్ ఫైలుగా చేశారనుకోండి, అక్షరాల అంచుల చుట్టూ మసక కమ్ముతుంది. అయితే జిఫ్‌లో చుక్క ఉంటే పూర్తిగా ఉన్నట్టు, లేకపోతే పూర్తిగా లేనట్టు. సగం పారదర్శకత ఉండదు. అందుకే పాత లోగోల చుట్టూ కనిపించే తెల్లటి గరుకు అంచు పీఎన్‌జీ చేసినా పోదు. అన్నట్టు, ఫైలు పేరు చివర మూడక్షరాలు మార్చేసి పనైపోయిందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి ఆరక్షరాలు ‘GIF89a’ అనో ‘GIF87a’ అనో కనిపిస్తాయి!

1999లో యూనిసిస్ మళ్లీ కదిలింది. లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్‌తో చేసిన జిఫ్‌లు పెట్టుకున్న వెబ్‌సైట్ల నుంచి కూడా 5,000 డాలర్లు అడగవచ్చన్న మాట బయటికొచ్చింది. జవాబుగా ఆ ఏడాది నవంబరు 5న ‘జిఫ్‌లన్నీ తగలబెట్టే రోజు’ జరిపారు. ఇంత గొడవ జరిగినా జిఫ్ పోలేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 బ్రౌజర్ పీఎన్‌జీలోని సగం పారదర్శకతను సరిగ్గా చూపలేక వెనక బూడిదరంగు పులిమేది. 2006లో ఏడో వెర్షన్ వచ్చేదాకా వెబ్ డిజైనర్లకు అదో తలనొప్పి. ఈలోగా 2003 జూన్ 20న అమెరికాలో ఆ పేటెంటు గడువు తీరిపోయింది, మరుసటి ఏడు మిగతా దేశాల్లోనూ.

జిఫ్ బతికిపోవడానికి అసలు కారణం ఇంకొకటి ఉందని నాకనిపిస్తుంది. పీఎన్‌జీని తయారుచేసినవాళ్లు కదిలే బొమ్మలను పక్కన పెట్టేశారు. ఆ లోటు తీర్చే ఏపీఎన్‌జీ తర్వాత వచ్చినా, ప్రమాణంలో చోటు దక్కింది 2025లో. అప్పటికి కదిలే బొమ్మకే జిఫ్ అన్న పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు వాట్సాప్‌లో మనం జిఫ్ అని పంపుకునేవి ఎంపీ4 వీడియోలు.