మిద్దె మీది కేక, ఎదురింటి లైటు

జమ్మలమడుగు

చిరంజీవులు పాపకూ, బుడ్డోడికీ మీ తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో పాప అడిగినదానికి జవాబు ఫోన్‌లో తెమిలేది కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. పాప తన గదిలో బటన్ నొక్కాలి, వీధికి అవతల చిన్నాన్న వాళ్లింట్లో బుడ్డోడి బల్ల మీద ఎర్ర లైటు వెలగాలి, మధ్యలో వైరు ఉండకూడదు. ఇదీ మీ ప్లాను. బాగుంది. "మరి కరెంటు గాల్లో ఎట్లా పోతుంది తాతా?" అన్నావు చూడు, అక్కడుంది అసలు సంగతి.

కరెంటు పోదమ్మా. పోయేది పిలుపు.

నా చిన్నప్పుడు జొన్న కంకి పట్టే రోజుల్లో పిట్టలు తోలడానికి నన్ను మంచె మీద కూర్చోబెట్టేవాళ్లు. చేతిలో ఒడిసెల, ఒడి నిండా రాళ్లు. రాళ్లు పిట్టలకంటే పక్క చేలోకే ఎక్కువ పోయేవి, అది వేరే కథ. సంగటి పొయ్యి మీంచి దించగానే మా అమ్మ మిద్దె ఎక్కి కేక వేసేది. నేను మంచె దిగి ఇంటికి పరుగు. ఆ పరుగుకు బలం అమ్మ గొంతులోంచి వచ్చిందా? లేదు. నా కాళ్లలో ముందే ఉంది. కేక వచ్చి "ఇక కదులు" అని చెప్పింది, అంతే. బుడ్డోడి లైటుకు కావలసిన కరెంటు కూడా బుడ్డోడి దగ్గరే, వాడి డబ్బాలోనే కాచుకుని ఉంటుంది. నీ బటన్ దాన్ని పిలుస్తుంది.

ఇంకో చిక్కుంది. మా అమ్మ "ఒరే పెద్దోడా" అంటే చుట్టుపక్కల చేలల్లో ముగ్గురు నలుగురం లేచి నిలబడేవాళ్లం. ప్రతి ఇంట్లో ఒక పెద్దోడు ఉంటాడు గదా! అందుకని ఇంటిపేరు కలిపి పిలిచేది. ఒకసారి పిలిస్తే గాలికి తెగిపోతుందని మళ్లీ మళ్లీ పిలిచేది. నేను కూడా మొదటి కేకకే లేచేవాణ్ని కాదు, నన్నేనని రూఢి చేసుకున్నాకే దిగేవాణ్ని.

మీరు కొనాల్సిన రెండు చిన్న చిప్పులు అచ్చం ఇదే పని చేస్తాయి. పిలిచేదాని పేరు హెచ్‌టీ12ఈ, వినేదాని పేరు హెచ్‌టీ12డీ. ఒక్కోదానికి 18 కాళ్లు. అందులో 8 కాళ్లు పేరు పెట్టడానికే. ఒక్కో కాలును గ్రౌండుకు, అంటే కరెంటు తిరిగిపోయే మైనస్ వైపుకు, కలపొచ్చు, లేదా ఊరికే వదిలేయొచ్చు. అట్లా మొత్తం 256 పేర్లు వస్తాయి. రెండు చిప్పులకూ ఒకే పేరు పెట్టాలి. ఒక్కసారి తట్టి వదిలినా పిలిచే చిప్పు ఆ పేరును కనీసం నాలుగుసార్లు చెబుతుంది. వినేది వరసగా మూడుసార్లు సరిచూసుకుని, అప్పుడు గానీ తన 17వ కాలు మీదికి కరెంటు వదలదు. మీ లైటు పెట్టాల్సింది ఆ కాలు దగ్గరే. దాని బలం తక్కువ కాబట్టి మధ్యలో బలం పెంచే బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి, ఎల్ఈడీకి, అదే మీ ఎర్ర లైటుకు, కరెంటు మితిమీరకుండా ఆపే 330 ఓముల రెసిస్టర్ ఒకటి పెట్టండి. బటన్ వచ్చేసి పిలిచే చిప్పు 14వ కాలుకూ గ్రౌండుకూ మధ్య. రెండు చిప్పుల్లోనూ 15, 16 కాళ్ల మధ్య రెసిస్టర్ ఉండాలి: పిలిచేదానికి 1 మెగా ఓము, వినేదానికి 51 కిలో ఓములు.

కేకను మోసేవి 433 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ జతగా అమ్ముతారు. పిలిచే చిప్పు మాటను ట్రాన్స్‌మిటర్ గాల్లోకి పంపుతుంది, రిసీవర్ దాన్ని అందుకుని వినే చిప్పుకు ఇస్తుంది. "ఈ చిప్పులెందుకు, రిసీవర్‌కే లైటు తగిలిస్తే పోలా?" అని బుడ్డోడు అంటాడు, నాకు తెలుసు. తగిలించి చూడరా. ఎవరూ పిలవకపోయినా అది మిణుకు మిణుకుమంటూనే ఉంటుంది. ఎవరూ పలకనప్పుడు ఆ రిసీవర్ చెవులు రిక్కించి, ఏ గోల దొరికితే ఆ గోల వింటుంది. పేరు పెట్టి పిలవడం ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

అన్నిటికీ పాత సెల్ ఛార్జర్ ఇచ్చే 5 వోల్టులు చాలు. బ్రెడ్‌బోర్డు మీద, అంటే కాళ్లు గుచ్చుకునే చిల్లుల పలక మీద, చేస్తే సోల్డరింగ్ పని కూడా లేదు. గోడ ప్లగ్గులోకి మాత్రం వైర్లు దూర్చారో, మీ నాన్నకు చెప్పేది నేనే.

మా అమ్మ కేకకు గాలి కావాలి. మీ కేక ఒక రేడియో అల, దానికి గాలి కూడా అక్కర్లేదు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో, ఏమీ లేని చోటునుంచి కూడా పోతుంది. ఏమీ లేనిచోట ఊగేది ఏంటి తాతా అని అడుగుతారు. దాని లెక్కలు పెద్ద క్లాసుల్లో వస్తాయి, అప్పుడు చేసుకోండి. నాకైతే ఈ వయసులో కూడా అది తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మా ఇంట్లో ఒక రేడియో ఉండేది. ఆకాశవాణి కడప కేంద్రం, 900 కిలోహెర్ట్జ్. ఇంట్లో ఎవరు లైటు స్విచ్ వేసినా అందులో టప్‌మని చప్పుడు. రేడియో చెడిందని మా నాయన దాని నెత్తిన ఒకటి వేసేవాడు. చెడలేదు. స్విచ్‌లో పుట్టిన చిన్న నిప్పురవ్వ కూడా ఒక కేకే. 1887లో జర్మనీలో హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త ఇట్లాంటి రవ్వలతోనే రేడియో అలలున్నాయని కనిపెట్టాడు. 1895లో కలకత్తా టౌన్ హాల్లో మన జగదీశ్ చంద్ర బోస్ వైరు లేకుండా గోడల అవతల గంట మోగించాడు, తుపాకీ మందు పేల్చాడు. మందు అక్కడ ముందే ఉంది చూడండి. బోస్ పంపింది పిలుపే.

మొదటి జత పనిచేశాక దాన్ని మీ ఆటకు పెట్టుకోకండి. అవ్వ మంచం పక్కన బటన్ పెట్టి, లైటు వంటింట్లో పెట్టండి. మోకాళ్ల నొప్పితో లేవలేక, కేక వేసే ఓపిక లేక ఆమె ఎన్నిసార్లు నీళ్లు అడక్కుండా ఊరుకుంటుందో మీకు తెలియదు. లైటు వెలిగితే మొదట చూసినవాళ్లు లేవాలి, "నువ్వు పో, నువ్వు పో" అనుకోకూడదు. రెండో జతకు వేరే పేరు పెట్టి మీరు తీసుకోండి. ఒకసారి వెలిగితే ఏమని, రెండుసార్లు వెలిగితే ఏమని, అది మీ ఇద్దరి గుట్టు, నాకు చెప్పొద్దు. అవ్వా, మీరూ ఒకేసారి నొక్కితే ఒకరి కేక ఒకరిది తొక్కేస్తుంది, కాబట్టి ఒకేసారి నొక్కకండి.

ఏరియల్ సంగతి, అంటే అలను పంపే, పట్టే వైరు సంగతి మరిచాను. రెండు మాడ్యూళ్లకూ 17 సెంటీమీటర్ల ఒంటిపోగు వైరు చాలు. మీ అల పొడవు 69 సెంటీమీటర్లు, అందులో నాలుగోవంతు అది. కడప స్టేషన్ అల 333 మీటర్లు, దాని నాలుగోవంతు ఎంతో మీరే లెక్క వేసి, అంత పొడుగు ఏముందో ఊళ్లో వెతకండి. మీ వైరును నిలబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి నొక్కి చూడండి. రిసీవర్‌ను ఇనుప బీరువాలో పెట్టి తలుపేసి చూడండి, సందులోంచి లైటు కనపడుతుందేమో. తర్వాత దాన్ని ఛార్జర్‌తో సహా పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ, ప్లగ్గు ఉన్న ప్రతిచోటా పెట్టి చూసి, ఎక్కడ లైటు రాకుండా పోతే అక్కడ గోడ మీద బొగ్గుతో గీత గీయండి. సున్నం పాడైందని అవ్వ తిడితే, తాతే గీయమన్నాడని చెప్పండి.

మీ
తాత