సింగిల్ షాట్ రైఫిల్‌కు బోరు మార్పు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో లైసెన్సుతో తుపాకులు రిపేరు చేస్తాను. తాతల నాటి సింగిల్ షాట్ రైఫిల్ (ఒక్కో తూటా పెట్టి కాల్చేది) పట్టుకుని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. "దీనికి తూటాలు దొరకడం లేదు, దొరికే తూటాకు మార్చి పెట్టన్నా" అంటారు. బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, మార్చమనీ అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. వాళ్ళు ఎక్కడో విని వచ్చిన మాటలే నాకు టెన్షన్.

అపోహ: గుండు లావు సరిపోతే చాలు, తూటా సరిపోయినట్టే.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. .22 లాంగ్ రైఫిల్, .22 హార్నెట్ అనే రెండు రకాల తూటాల గుండ్లు లావులో దాదాపు ఒకటే. కానీ కాల్చినప్పుడు మొదటిదాని గ్యాసు ఒత్తిడి చదరపు అంగుళానికి 24,000 పౌండ్ల దాకా వెళ్తే, రెండోదానిది సుమారు రెట్టింపు. పైగా మొదటిదాన్ని పిన్ను అంచు మీద కొట్టాలి, రెండోదాన్ని నడిమధ్యలో కొట్టాలి. గుండు ముందుకు దూసుకుపోయేటప్పుడు ఇత్తడి డొప్ప అంతే బలంగా వెనక్కి తంతుంది. ఆ తాపు కాచుకోవాల్సింది బ్రీచ్ బ్లాకు, అంటే గొట్టాన్ని వెనక నుంచి మూసే ఇనుప దిమ్మ. దాని వెనక ఉండేది మీ చెంప, మీ కన్ను.

గుణుపురం వైపు నుంచి ఒకాయన తెచ్చిన రైఫిల్ ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఎవరో తూటా గదిని (గొట్టంలో తూటా కూర్చునే చోటును) తొలిచి పెద్దది చేశారు. డొప్పకూ బ్లాకుకూ మధ్య కంటికి ఆనని సందు మిగిలిపోయింది. నాలుగో తూటాకు డొప్ప చీలి, వేడి గ్యాసు వెనక్కి తన్నింది. ఆయన చెంప మీద మందు మచ్చలు అలాగే ఉండిపోయాయి. ఆ రైఫిల్‌ను నేను బాగుచేయలేదు, చేయకూడదు కూడా.

అపోహ: తెల్లవాళ్ళు వాళ్ళ పాత మార్టినీ సింగిల్ షాట్ రైఫిళ్ళను మార్చలేదా? మనమూ మార్చుకోవచ్చు.

వాస్తవం: మార్చారు, నిజమే. 1871లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చిన మార్టినీ హెన్రీని తర్వాత .303 తూటాకు తిప్పి మార్టినీ ఎన్‌ఫీల్డ్ అన్నారు. ఆ పని ఫ్యాక్టరీలో జరిగింది. కొత్త గొట్టం బిగించి, మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడిచ్చే తూటాతో ప్రూఫ్ పరీక్ష చేసి ముద్ర వేశారు. తూటా మారిస్తే పాత ప్రూఫ్ ముద్రకు విలువ ఉండదు.

అపోహ: అంకె పెద్దదైతే బోరు పెద్దది.

వాస్తవం: షాట్‌గన్‌ల (రవ్వల తుపాకుల) లెక్క తలకిందులు. ఒక పౌండు సీసం లోహాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు పట్టే గొట్టం 12 బోరు. అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. 20 గుండ్లుగా పోస్తే గుండు చిన్నదవుతుంది, కాబట్టి 20 బోరు ఇంకా సన్నం. ఆ 20 బోరు తూటా పొరపాటున 12 బోరులో పడితే ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. ఖాళీగా ఉందనుకుని వెనక 12 బోరు తూటా పెట్టి కాల్చారంటే గొట్టం పేలిపోతుంది. షాట్‌గన్‌లలో .410 మాత్రం అంగుళాల లెక్క.

అపోహ: తుపాకీకి లైసెన్సు ఉంది, బోరు నా ఇష్టం.

వాస్తవం: 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం తుపాకీ మార్చడానికీ రిపేరుకూ విడిగా లైసెన్సు ఉండాలి. అది లేకుండా చేస్తే 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్ళ జైలు, యావజ్జీవం దాకా పడవచ్చు. మీ లైసెన్సులో ఏ బోరు రాసి ఉందో తుపాకీ అదే బోరుది కావాలి. ముందు కలెక్టరు కార్యాలయం అనుమతి, ఆ తర్వాతే నా దగ్గర పని. త్రీ నాట్ త్రీ (.303) సర్వీసు తూటా, అంటే సైన్యం తూటా, కాల్చే బోల్ట్ రైఫిల్ నిషిద్ధ బోరు (సామాన్యులకు మామూలుగా లైసెన్సు దొరకనిది) కిందికి వస్తుంది. సరిహద్దు దాటితే ఆంధ్రలోని పాతపట్నం పక్కనే కదా అని తుపాకీ తీసుకెళ్ళేముందు, లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూసుకోండి. పంట మీద అడవిపందులు పడుతున్నాయన్న బాధ నాకు తెలుసు. దానికి అటవీ శాఖ అనుమతి వేరే ఉంది.

ఇంట్లో పాత రైఫిల్ ఉంటే తూటా పెట్టి చూడకండి. ఖాళీ చేసి, లైసెన్సుతో సహా తీసుకురండి. గొట్టం మీద ముద్రలు చదివి, తూటా గది కొలిచి, అది దేనికి పనికొస్తుందో చెబుతాను. చాలాసార్లు గోడకు తగిలించుకోవడానికే అని చెప్పాల్సి వస్తుంది. అప్పుడు కూడా దానికి లైసెన్సు అక్కర్లేదని మీకు మీరే అనుకోకండి, కలెక్టరు కార్యాలయంలో అడగండి.