గర్భిణికి ఫ్లూ ముప్పు: వందేళ్లుగా తెలిసినా టీకాకు ఆలస్యమే

2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ సెకండ్ వేవ్ ఊళ్లకు ఊళ్లను కుదిపేస్తున్నప్పుడు గర్భిణులకు టీకా లేదు. ట్రయల్స్‌లో వాళ్లను చేర్చలేదు కాబట్టి వేయొద్దని కేంద్రం జనవరిలోనే రాష్ట్రాలకు చెప్పింది. అనుమతి వచ్చింది జులై 2న. అప్పటికే వేవ్ తగ్గుముఖం పట్టింది. కోవిడ్ సోకిన గర్భిణులు, బాలింతల్లో మరణాలు మొదటి వేవ్‌లో 0.7 శాతం ఉంటే, రెండో వేవ్‌లో 5.7 శాతానికి చేరాయని భారత వైద్య పరిశోధన మండలి లెక్క తేల్చింది.

ఊపిరితిత్తులకు సోకే ఇలాంటి జబ్బులు గర్భిణులకు మరింత ముప్పన్న సంగతి కొత్తగా బయటపడిందైతే ఆ ఆలస్యాన్ని సరిపెట్టుకోవచ్చు. కానీ 1918 నాటి స్పానిష్ ఫ్లూలోనే ఇది స్పష్టంగా కనిపించింది. అమెరికాలో హారిస్ అనే డాక్టర్ ఫ్లూ సోకిన 1,350 మంది గర్భిణుల వివరాలు సేకరించి 1919లో ప్రచురించాడు. వాళ్లలో సుమారు సగం మందికి న్యుమోనియా వచ్చింది. అలా వచ్చినవాళ్లలో సగానికి పైగా చనిపోయారు. మొత్తం మీద మరణాలు 27 శాతం. బతికి బయటపడ్డవాళ్లలోనూ చాలామందికి గర్భం నిలవలేదు.

కారణం ఒంట్లోనే ఉంది. నెలలు నిండేకొద్దీ గర్భసంచి డయాఫ్రమ్‌ను, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరాల పొరను, పైకి నెడుతుంది. ఊపిరి వదిలాక లోపల మిగిలే గాలి సుమారు ఐదో వంతు తగ్గుతుంది. ఆక్సిజన్ అవసరమేమో ఇద్దరిది. అంటే ఊపిరితిత్తులు దెబ్బతింటే తట్టుకోవడానికి నిల్వ ఉండదు. పైగా నిండు చూలాలికి ఆయాసం మామూలేగా అని ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి డాక్టర్లూ తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి గర్భిణికి రక్తంలో ఆక్సిజన్ 95 శాతం కంటే తగ్గనివ్వకూడదు.

1957 ఫ్లూలోనూ ఇదే వరస.

2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది. మన దేశంలో మొదటి కేసు హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో బయటపడింది. ఆ ఏడాది అమెరికా జనాభాలో గర్భిణులు ఒక శాతమే, స్వైన్ ఫ్లూ మరణాల్లో మాత్రం సుమారు 5 శాతం. మందు ఉంది, ఒసెల్టామివిర్. కానీ కడుపులో బిడ్డకేమవుతుందోనన్న టెన్షన్ ఒకపక్క, రిపోర్టు రానీ చూద్దాం అన్న ధోరణి ఇంకోపక్క. లక్షణాలు మొదలైన నాలుగు రోజులు దాటాక మందు అందినవాళ్లు, రెండు రోజుల్లోపు అందినవాళ్ల కంటే ఆరు రెట్లు ఎక్కువగా ఐసీయూలో చేరారని అక్కడి సమాచారం చెప్పింది. బిడ్డ కోసమని మందు ఆపితే తల్లీబిడ్డలిద్దరికీ ముప్పే.

ఆ అనుభవం తర్వాత, 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ టీకా విషయంలో గర్భిణులకే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలంది. ఆరు నెలల్లోపు పసిపిల్లలకు ఆ టీకా వేయరు. తల్లి వేయించుకుంటే ఆమె యాంటీబాడీలే బిడ్డకు కొంత కాపు.

అయినా మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో గర్భిణికి ఏఎన్ఎం ఉచితంగా వేసేది టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) ఇంజెక్షనే. ఫ్లూ టీకా కావాలంటే చాలాచోట్ల ప్రైవేటులో డబ్బు పెట్టుకోవాలి. అంతకంటే ముందు, అలాంటి టీకా ఒకటుందని ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి.