పొద్దున ఏడింటికి ఆ వీధిలో ఏం దొరుకుతుంది?

మా చెల్లెలికి ఆరో నెలలో షుగర్ బయటపడింది. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీశారు. 140 వచ్చినా, దాటినా గర్భిణీ మధుమేహం కిందే లెక్క. తనకు 162 వచ్చింది. ఈ పరీక్షకు పరగడుపున రానక్కర్లేదు. దూరం నుంచి వచ్చే మన ఆడవాళ్లకు వీలుగా ఉండాలని చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య వంటివారు దీన్ని వాడుకలోకి తెచ్చారు. పరీక్ష విషయంలో చూపిన ఆ శ్రద్ధ, దాని తర్వాత చేతిలో పెట్టే డైట్ కాగితంలో ఇంకా కనిపించదు.

కాగితంలో రాగి జావ, మొలకలు, ఆకుకూర పప్పు, పూటకో కప్పు కూర అని ఉంది. అన్నీ మంచివే. కానీ వాళ్లుండేది హైదరాబాద్ శివారులో కొత్తగా లేచిన కాలనీ. కూరగాయల బండి వచ్చేసరికి పది దాటుతుంది. అంగడి గురువారమే. ఇంట్లో ఫ్రిజ్ లేదు, కొన్న పాలకూర శనివారానికి వాడిపోతుంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఎనిమిదింటికి పనిలో ఉండాలి. ఏడింటికి గుమ్మం దిగితే ఎదురుగా టిఫిన్ బండి: ఇడ్లీ, పూరీ, మైసూర్ బోండా.

చిక్కంతా ఆ ఏడింటి దగ్గరే ఉంది. నెలలు నిండేకొద్దీ మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. బిడ్డకు గ్లూకోజ్ బాగా అందడానికే ఆ ఏర్పాటు. క్లోమం అందుకు తగ్గట్టు ఇన్సులిన్ పెంచలేకపోతే షుగర్ ఎక్కుతుంది. తెల్లవారుజామున కార్టిసాల్ అనే హార్మోన్ కూడా తోడవుతుంది కాబట్టి పొద్దుటిపూట ఇన్సులిన్ మరీ నీరసపడుతుంది. అందుకే ఉదయం పిండిపదార్థం తగ్గించమంటారు. సరిగ్గా ఆ వేళకే ఆ వీధిలో పిండి తప్ప ఇంకేమీ ఉండదు.

తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950లలోనే దీని పర్యవసానం వివరించాడు. వచ్చిపడే గ్లూకోజ్ కోసం బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, దాంతో బిడ్డకు కొవ్వు పడుతుంది. బొడ్డు కోయగానే గ్లూకోజ్ ఆగిపోయినా ఆ ఇన్సులిన్ ఇంకా ఉంటుంది. పుట్టిన కొన్ని గంటల్లోనే పసిగుడ్డుకు షుగర్ పడిపోయే ప్రమాదం అలా వస్తుంది.

అమెరికాలో సూపర్ మార్కెట్ మైలు దూరానికి మించి ఉండే పేద పట్టణ ప్రాంతాలను ఫుడ్ డెజర్ట్, అంటే తిండి ఎడారి, అంటారు. మన కాలనీల్లో మైళ్లు కొలిస్తే ఏమీ తెలియదు. ఏ వేళకు ఏది దొరుకుతుందో చూడాలి. బియ్యానికి కొరత లేదు. తెలంగాణ రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. అందులో పిండిపదార్థమే సుమారు 155 గ్రాములు. గర్భిణికి రోజుకు కనీసం 175 గ్రాములు కావాలంటారు, దాదాపు అంతా బియ్యంతోనే వచ్చేస్తోంది. ఇక వీధి ఇవ్వాల్సింది పప్పు, గుడ్డు, కూర.

"షుగరుంది కదా, టిఫిన్ మానెయ్" అని పక్కింటివాళ్లు చెబితే రెండు రోజులు మానేసింది కూడా. నాకు చాలా భయమేసింది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే అలా మానేస్తే షుగర్ బాగా తగ్గి కళ్లు తిరిగి పడిపోవచ్చు.

రెండోసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడి డైటీషియన్ కాగితం పక్కన పెట్టి, "పొద్దున మీ వీధిలో ఏమేం దొరుకుతాయమ్మా?" అని అడిగారు. బండి, కిరాణా కొట్టు అని చెప్పింది చెల్లెలు. "కిరాణాలో గుడ్లు, శనగలు ఉంటాయిగా. రాత్రే నానబెట్టుకో. పొద్దున ముందు ఉడికిన శనగలు, గుడ్డు తిను, ఆ తర్వాత రెండు ఇడ్లీలు. తిన్నాక పది నిమిషాలు నడువు." నడిస్తే కండరాలు గ్లూకోజ్‌ను వాడుకుంటాయి. బస్టాప్ ఎలాగూ అంత దూరమే.

తిన్న గంటకు 140 లోపుండాలి. మొదట్లో 171 చూపించిన మీటర్ మరుసటి వారం 134 చూపించింది. ఆకుకూర మాత్రం ఇప్పటికీ గురు, శుక్రవారాల్లోనే.