"ఇమ్యూనిటీకి ఏం వాడాలి మేడమ్?" – అపోహలు, వాస్తవాలు

డైటీషియన్‌గా నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. "ఏం తినాలి" అని అడిగేవాళ్లు తక్కువ, "ఏం వాడాలి" అనే అడుగుతారు. అంటే పొడో, టాబ్లెటో, కషాయమో చెప్పమని.

అపోహ: ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిది.

కాదండీ. రక్షణ వ్యవస్థ దారి తప్పి మన కీళ్ల మీదే దాడి చేస్తే అదే రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఏ హానీ చేయని పుప్పొడి మీద విరుచుకుపడితే అది అలర్జీ. తిండితో మనం చేయగలిగింది ఆ వ్యవస్థకు ప్రోటీన్, ఐరన్, జింక్, విటమిన్లు తక్కువ పడకుండా చూసుకోవడం.

అపోహ: మామూలు తిండితో ఏమవుతుంది, బలమంతా కషాయాల్లోనే ఉంది.

ఈ మాట విన్నప్పుడల్లా నేను జార్ఖండ్ గురించి చెబుతాను. అక్కడ టీబీ రోగుల ఇళ్లలో ఉండే మిగతావాళ్లకు నెలకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, వాటితో పాటు విటమిన్ మాత్రలు ఇచ్చి, ఇవ్వని ఇళ్లతో పోల్చి చూశారు. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం సుమారు 39 శాతం తగ్గింది! బియ్యం, పప్పు అండీ, మన వంటింట్లో రోజూ ఉండేవే.

ఇప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్ల కంచం చూడండి. మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నం, పళ్లు సరిగ్గా లేవని కూర కూడా పక్కన పెట్టేస్తారు. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల దాకా ప్రోటీన్ కావాలి, పలచటి చారులో అది ఎక్కడి నుంచి వస్తుంది? ముద్దపప్పు, పెసరట్టు, మెత్తగా ఉడికిన గుడ్డు (ఒక్కోదాంట్లో 6 గ్రాములు), గట్టి పెరుగు పెట్టండి.

కషాయాల్లో వేసే తిప్పతీగ విషయంలో మాత్రం జాగ్రత్త. కోవిడ్ రోజుల్లో దాన్ని వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిందని 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు, ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఎలా ఉన్నా, లివర్ సమస్యో ఆటోఇమ్యూన్ జబ్బో (రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లా రక్షణ వ్యవస్థ మన ఒంటి మీదే దాడి చేసేది) ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అపోహ: రోజూ విటమిన్ సి మాత్ర వేసుకుంటే జలుబు రాదు.

వస్తుంది. రోజూ వేసుకునేవాళ్లలో జలుబు కాస్త త్వరగా తగ్గుతుందంతే. మగవాళ్లకు రోజుకు 80 మిల్లీగ్రాములు చాలు, 100 గ్రాముల జామకాయలో 200కు పైనే ఉంటుంది.

నిద్ర గురించి ఎవరూ అడగరు కానీ నేనే చెబుతాను. అమెరికాలో 164 మంది ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూస్తే, ఏడు గంటలకు పైగా పడుకునేవాళ్లతో పోల్చినప్పుడు ఆరు గంటలలోపే పడుకునేవాళ్లకు జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువని తేలింది.

అపోహ: జ్వరానికి లంఖణం పరమౌషధం.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ముఖ్యంగా పిల్లల విషయంలో. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే శరీరానికి సుమారు 10 శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, సరిగ్గా అప్పుడే మనం కంచం తీసేస్తాం. ఆకలి లేకపోతే బలవంతం చేయొద్దు, కానీ పెసరపప్పు వేసి జావలా వండిన అన్నంలో కాస్త నెయ్యి కలిపి, గంటకోసారి నాలుగు చెంచాలైనా తినిపించండి.