అండాశయాలు, కొలెస్ట్రాల్: డెబ్బై ఏళ్ల వాదన నేపథ్యం

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నలభై ఏళ్లు నిండకుండానే గర్భసంచి తీయించుకున్న మహిళలు కనిపించడం అరుదేమీ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 8.9 శాతం మందికి ఈ ఆపరేషన్ జరిగింది. అది దేశంలోనే అత్యధికం. గర్భసంచితో పాటు అండాశయాలనూ తీసేస్తే రక్తంలోని కొవ్వు ఎలా మారుతుందన్న ప్రశ్నకు మాత్రం ఇక్కడ దక్కవలసినంత శ్రద్ధ దక్కలేదు.

ఈ సంబంధం వైద్యులకు కొత్తది కాదు. ఎడిన్‌బరోలో ఆలివర్, బాయిడ్ అనే పరిశోధకులు నెలసరి చక్రంలో అండం విడుదలయ్యే సమయానికి కొలెస్ట్రాల్ తగ్గుతుందని 1953లో గమనించారు. చిన్న వయసులో రెండు అండాశయాలూ పోగొట్టుకున్నవారిలో కొలెస్ట్రాల్, గుండెజబ్బు రెండూ ఎక్కువని 1959లో చూపారు. కారణం తర్వాత తేలింది: అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ప్రభావంతో కాలేయంలో, చెడు కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకాలు పెరిగి, ఆ కొవ్వు రక్తంలోంచి తొలగిపోతుంది; మంచి కొలెస్ట్రాల్‌గా పిలిచే హెచ్‌డీఎల్ పెరుగుతుంది. అయితే మాత్రగా మింగిన ఈస్ట్రోజన్ పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరడంతో ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వు కూడా పెరుగుతుంది. చర్మానికి అంటించే పట్టీతో ఈ ఇబ్బంది తక్కువ.

ఇంత చక్కని లెక్క కుదిరాక, హార్మోన్ ఇస్తే గుండె భద్రమేనని నమ్మడం సహజమే, కానీ తొందరపాటు. అమెరికాలో గుండెపోటు వచ్చిన పురుషులకే ఈస్ట్రోజన్ ఇచ్చి చూశారు; గుండెపోట్లు, రక్తం గడ్డలు పెరగడంతో 1970లో ఎక్కువ మోతాదు ఇవ్వడం ఆపేశారు. ఆ హెచ్చరికను మహిళల విషయంలో ఎవరూ తగినంత పట్టించుకోలేదు. 1998లో వెలువడిన హెర్స్ పరీక్షలో, గుండెజబ్బున్న 2,763 మంది మహిళల్లో హార్మోన్లు తీసుకున్నవారికి ఎల్‌డీఎల్ తగ్గింది, హెచ్‌డీఎల్ పెరిగింది. గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. 2002లో ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పరీక్షలో, ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ ఇచ్చి చూస్తూ 16,608 మందితో సాగుతున్న విభాగాన్ని, హాని మేలును మించుతోందని ముందే నిలిపేశారు.

అందువల్ల కేవలం గుండె కోసం హార్మోన్లు వాడమని ఇప్పుడెవరూ చెప్పరు. అండాశయాలు చిన్న వయసులోనే తీసేసినవారి సంగతి వేరు: అడ్డంకులేవీ లేకపోతే, సహజంగా ముట్లు ఆగే వయసు వరకు వారికి హార్మోన్ చికిత్స సాధారణంగా సూచిస్తారు. అండాశయాలు ఉంచారో తీశారో తెలియకుండానే ఇల్లు చేరినవారు డిశ్చార్జి కాగితాన్ని డాక్టరుకు చూపించి, కొలెస్ట్రాల్ పరీక్ష యాభై ఏళ్లకు వాయిదా వేయకుండా అప్పుడే చేయించుకోవాలి.