ఇల్లు ఒకరి చేతిలో, వైద్యం మరొకరి చేతిలో: కాలిఫోర్నియా మాజీ సైనికుల విధానం ఇక్కడిదాకా ఎలా వచ్చింది

2024 మార్చిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ప్రపోజిషన్ 1 గట్టెక్కింది. ప్రపోజిషన్ అంటే ఓటర్లు నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదన. అనుకూలంగా పడినవి 50.2 శాతం ఓట్లు, తేడా 30 వేల లోపే. ఫలితం తేలడానికే రెండు వారాలు పట్టింది. దీని కింద రాష్ట్రం బాండ్ల ద్వారా 638 కోట్ల డాలర్లు అప్పు తెచ్చి మానసిక చికిత్స కేంద్రాలు, ఇళ్లు కట్టిస్తుంది. అందులో వంద కోట్లకు పైగా మాజీ సైనికుల ఇళ్లకే. చికిత్సనీ ఇంటినీ ఒకే ఓటు కింద ఇంత పెద్ద ఎత్తున పెట్టడానికి ఆ రాష్ట్రానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది యుద్ధాల నుంచి తిరిగొచ్చినవాళ్లు.

మాజీ సైనికుల బాగోగులు ఫెడరల్ ప్రభుత్వం, అంటే కేంద్రం చూడాలి కదా, మధ్యలో రాష్ట్రానికి ఏం పని అని ఎవరికైనా అనిపిస్తుంది. వెటరన్స్ అఫైర్స్ శాఖ ఉంది, అందరూ వీఏ అంటారు. దానికి సొంత ఆస్పత్రులున్నాయి. కానీ ఆ గుమ్మం దాటాలంటే సైన్యం నుంచి బయటికి వచ్చినప్పుడు ఇచ్చిన కాగితం బాగుండాలి. తాగుడు, డ్రగ్స్, చెప్పకుండా డ్యూటీ వదిలి వెళ్లిపోవడం లాంటి కారణాలతో పంపేసినవాళ్లకు చాలాకాలం వీఏ సేవలు దొరకడమే కష్టమైంది. ఆ ప్రవర్తనకు చాలాసార్లు యుద్ధంలో తగిలిన మానసిక గాయమే కారణం. అంటే జబ్బు ఎంత ముదిరితే వైద్యానికి అంత దూరం. అలాంటివాళ్లు చివరికి చేరేది కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆస్పత్రికి, లేదంటే కౌంటీ జైలుకి. రాష్ట్ర విధానం అవసరమైంది అక్కడే.

1950ల చివరికి కాలిఫోర్నియా ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల్లో దాదాపు 37 వేల మంది ఉండేవారు. మనిషిని ఇష్టానికి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి లోపల ఉంచడం మామూలుగా జరిగేది. దాన్ని ఆపడానికి 1967లో లాంటర్‌మన్-పెట్రిస్-షార్ట్ చట్టం వచ్చింది. గవర్నర్ రోనాల్డ్ రీగన్ సంతకం చేశారు. ఇకపై ఎవరినైనా బలవంతంగా ఉంచాలంటే మొదట 72 గంటలు, తర్వాత 14 రోజులు, ఆపైన కోర్టు. మనిషి హక్కు కోణంలో అది గొప్ప చట్టమే, ఇప్పటికీ అదే అంటాను. ఆస్పత్రులైతే ఖాళీ అయ్యాయి, కానీ బయట ఊళ్లలో చికిత్స ఇస్తామన్న మాటకు తగ్గ డబ్బు కౌంటీలకు అందలేదు. సరిగ్గా ఆ ఏళ్లలోనే వియత్నాం నుంచి కుర్రాళ్లు తిరిగొచ్చారు. వాళ్ల బాధకు వైద్యులు ఒప్పుకున్న పేరు కూడా అప్పటికి లేదు. పీటీఎస్‌డీని, అంటే భయంకర అనుభవాల తర్వాత మనసును వదలని ఆ గాయాన్ని, అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగాల జాబితాలో చేర్చింది 1980లో. దానికి ఒక్క ఏడాది ముందే అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఊళ్లలో చిన్న చిన్న వెట్ సెంటర్లకు, అంటే మాజీ సైనికుల కౌన్సెలింగ్ కేంద్రాలకు అనుమతిచ్చింది.

చికిత్సకు ఒక స్థిరమైన ఆదాయం రావడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది ప్రపోజిషన్ 63 నెగ్గింది. ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద ఒక శాతం పన్ను వేసి, ఆ సొమ్ము మానసిక ఆరోగ్యానికే వాడాలి. ఈమధ్య ఏళ్లలో దానివల్ల ఏటా 200 నుంచి 350 కోట్ల డాలర్ల దాకా వచ్చింది. ధనవంతుల ఆదాయం పడితే ఈ నిధీ పడుతుంది, అదొక టెన్షన్.

ఇళ్ల వైపు డబ్బు వేరే దారిలో నడిచింది. కాలిఫోర్నియా 1921 నుంచే మాజీ సైనికులకు ఇంటి రుణాలు ఇస్తోంది. 2008లో అందుకోసం మరో 90 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటర్లు ఒప్పుకున్నారు. అప్పుడే ఇళ్ల మార్కెట్ కుప్పకూలింది, ఆ అప్పు తీసుకునేవాళ్లు లేకుండా పోయారు. అసలు రోడ్డు మీద పడుకునేవాడికి ఇంటి రుణం ఎవరిస్తారు? 2014లో ప్రపోజిషన్ 41 వచ్చి అందులో 60 కోట్లను అద్దె ఇళ్లకు మళ్లించింది. వాటిలో కనీసం సగం డబ్బు అతి తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ఇళ్లకే పెట్టాలన్నది షరతు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. మాజీ సైనికుడంటే ఇల్లు కొనుక్కునే మనిషి అన్న పాత ఊహ అప్పటికి సడలింది.

ఫెడరల్ స్థాయిలో ఇల్లూ చికిత్సా రెండూ 1992లోనే కలిశాయి. గృహనిర్మాణ శాఖ అద్దె వోచర్ ఇస్తుంది, వీఏ కేస్ మేనేజర్‌ను, అంటే ఆ మనిషి చికిత్స, అవసరాలు దగ్గరుండి చూసే ఉద్యోగిని ఇస్తుంది. హడ్-వాష్ అనే ఈ పథకం 2008 నుంచి బాగా పెరిగింది. దేశంలో ఇల్లులేని మాజీ సైనికుల లెక్క 2010లో 74 వేలకు పైగా ఉంటే 2024కి 32,882కి తగ్గింది. తాళంచెవీ చికిత్సా కలిపి ఇస్తే ఫలితం ఉంటుందనడానికి నాకైతే ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కానీ ఈ పథకాల్లోనే ఒక క్రూరమైన మెలిక ఉండిపోయింది. యుద్ధంలో అంగవైకల్యం వచ్చినవారికి వీఏ నెలనెలా పరిహారం ఇస్తుంది. ఇళ్ల కేటాయింపులో దాన్ని ఆదాయంగా లెక్కేసేవారు. దాంతో వంద శాతం వైకల్యం ఉన్న మనిషి ఆదాయ పరిమితి దాటిపోయి, తనకోసమే కట్టిన ఇంటికి అనర్హుడయ్యేవాడు. ఎక్కువ దెబ్బ తిన్నవాడే ముందు బయటికి! హడ్-వాష్ విషయంలో ఆ నిబంధనను సవరించింది 2024 ఆగస్టులో.

నేల విషయంలో జరిగింది మరీ బాధాకరం. పశ్చిమ లాస్ ఏంజెలెస్‌లో ఇప్పుడు వీఏ చేతిలో 388 ఎకరాలున్నాయి. 1888లో సెనేటర్ జాన్ జోన్స్, అర్కేడియా బండీని డి బేకర్ వికలాంగ సైనికుల నివాసం కోసం దానంగా ఇచ్చిన భూమి అది. ఒకప్పుడు అక్కడ వేల మంది ఉండేవారు. 1970ల నాటికి నివాసాలు మూతపడ్డాయి. తర్వాత అదే నేల బేస్‌బాల్ స్టేడియానికి, ప్రైవేటు స్కూలు ఆటస్థలాలకు లీజుకు వెళ్లింది. ఇల్లులేని సైనికులు మాత్రం ఆ ప్రహరీ బయట ఫుట్‌పాత్ మీద టెంట్లు వేసుకున్నారు. 2011లో కేసు పడింది. 2015లో రాజీ కుదిరి 1,200 ఇళ్లు కడతామన్నారు. పని నత్తనడక నడిచింది. 2022లో మళ్లీ కేసు. 2024 సెప్టెంబరులో న్యాయమూర్తి డేవిడ్ కార్టర్ మరో 1,800 శాశ్వత ఇళ్లు, 750 తాత్కాలిక ఇళ్లు కట్టమని తీర్పిచ్చారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

ఇక ప్రపోజిషన్ 1 దగ్గరికి వద్దాం. రాష్ట్ర శాసనసభ విశ్లేషకుల అంచనా ప్రకారం బాండ్లతో 4,350 దాకా ఇళ్లు వస్తాయి, వాటిలో 2,350 మాజీ సైనికులకు. 6,800 మందికి చికిత్స స్థానాలు వస్తాయి. అప్పు తీర్చడానికి ముప్పై ఏళ్లపాటు ఏటా 31 కోట్ల డాలర్లు. రాష్ట్రంలో ఇల్లులేనివాళ్ల సంఖ్య దీనితో కొద్దిగానే తగ్గుతుందని కూడా వాళ్లే రాశారు.

వ్యతిరేకించినవారి వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. చివరి దశలో చేసిన సవరణతో, తలుపులు వేసి ఉంచే చికిత్స కేంద్రాలకూ ఈ డబ్బు వాడొచ్చు. వికలాంగుల హక్కుల సంఘాలకు 1967కు ముందు రోజులు గుర్తొచ్చాయి. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. బాండ్ల డబ్బుతో గోడలు లేస్తాయి గానీ, అందులో ఏళ్ల తరబడి పనిచేసే కేస్ మేనేజర్‌కు జీతం రాదు. అందుకే ఈ చట్టం 2004 నాటి పన్ను సొమ్ములో కౌంటీల వాటాను మళ్లీ పంచింది. 30 శాతం ఇళ్ల సాయానికి వెళ్లాలి, అందులో సగం చాలాకాలంగా రోడ్డు మీదే ఉన్నవాళ్లకు. అయితే ఇది కొత్త డబ్బు కాదు. ఇప్పటిదాకా కౌన్సెలింగ్‌కు, పిల్లల్లో ముందుగా జబ్బు గుర్తించే పనులకు వెళ్తున్నదాంట్లోంచే తీయాలి.

చట్టం పెట్టిన గడువు ప్రకారం 2026 జులై 1 నుంచి కౌంటీలు ఈ కొత్త వాటాల లెక్కనే ఖర్చు పెట్టాలి. ఎన్ని ఇళ్లు లేచాయన్నది పేపర్లలో వస్తుంది. ఒక్కో భవనంలో ఎంతమంది కేస్ మేనేజర్లున్నారు, ఏడాది తిరిగేసరికి వాళ్లలో ఎందరు మిగిలారు అన్నది కౌంటీ బడ్జెట్ కాగితాల్లో వెతుక్కోవాలి. నేను ముందు చూసేది ఆ కాగితాలనే.